తీరిన అప్పు, తీరని ఋణము



ముసలితనము వచ్చిన పిమ్మట మనుష్యుడు తన లెక్కలు తానే చూచుకొనవలెనని మా నాయన చెప్పుచుండెడివాడు. ఆయన మారిషస్‌లో ఒక చెరకు ఎస్టేటు ప్రక్కనున్న అమ్మోరు గుడికి పూజారి. పగలు చెరకు నరకుట, సాయంకాలము గుడిలో దీపము పెట్టుట ఆయన పనులు. నేను ఆరవ తరగతితో బడి చాలించితిని. తెలుగు అక్షరములు ఆ గుడి అరుగు మీదనే దిద్దితిని. ఏబది యేండ్లకు పైగా ఇంగ్లండులో కాపురమున్న నేను నా లెక్కలో కనుగొన్న తప్పును మీకు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మా యూరిలో ఒక చీనా వర్తకుని అంగడి యుండెడిది. కోత కాలములో కూలివారి చేతికి డబ్బు వచ్చును. కోత ముగిసినది మొదలు మరల కోత వచ్చువరకు బియ్యము, నూనె, ఉప్పుచేప, కిరసనాయిలు అన్నియు అరువే. ఇంటికొక చిన్న పుస్తకము. దానిని మనము ‘కార్నే’ అందుము. పెద్దలందరు ఎరిగినదే. ఆ పుస్తకములే లేకున్నచో మన ద్వీపములో ఎన్ని పొయ్యిలు ఆరిపోయెడివో!

1968 మార్చి 12వ తేదీన మనకు స్వాతంత్ర్యము వచ్చినది. కాని యువకులకు పని లేదు. పలువురు బ్రిటన్‌లోని ఆసుపత్రులలో పనికై పోవుచుండిరి. 1969లో నాకును పిలుపు వచ్చినది. మా నాయన పాడియావును అమ్మెను. అయినను ప్రయాణమునకు 400 రూపాయలు తక్కువ పడినవి. అంగడివాడు ఈ సంగతి విని, మా అమ్మను పిలిచి, ఆ సొమ్ము చేతిలో పెట్టెను. పత్రము లేదు, సాక్షి లేడు, వడ్డీ లేదు. మా కార్నేలో బియ్యము, నూనెల క్రింద ఒక పంక్తి వ్రాసికొనెను. అంతే.

ఆసుపత్రిలో రోగులను బండిమీద త్రోసికొనిపోవు పని నాకు దొరకినది. రెండేండ్లలో ఆ సొమ్ము పంపివైచితిని. అంగడివాడు ఆ పంక్తిని కొట్టివేసెనని అమ్మ జాబు వ్రాయించినది. ఆ దినమున నేను హాయిగా నిద్రించితిని. ఇక నేను ఎవనికిని బాకీ లేనని తలచితిని. అదియే నా తప్పు.

1984లో మా యూరి కుర్రవాడొకడు లండన్ వచ్చి మా తలుపు తట్టెను. “మామయ్యా, ఒక్క నెల తల దాచుకొననిండు. పని దొరకగానే వెళ్లెదను” అని అడిగెను. మా యింట ఒక గది ఖాళీగనే యున్నది. ఇయ్యలేదు. నేను కష్టపడి పైకి వచ్చితిని, వాడును అట్లే రావలెనని నా భార్యతో అంటిని. ఆమె మారు పలుకలేదు. వాడు పెట్టె పట్టుకొని వానలో వెడలిపోయెను. పదేండ్లకు ఒక పెండ్లిలో కనబడి, చేతులు జోడించి నా క్షేమమడిగెను. వాడు నన్ను నిందించియున్నచో నాకు కొంత శాంతి కలిగియుండెడిది.

ఈ సంగతిని చాలకాలము మరచియుంటిని. 2018లో వచ్చిన ఒక వార్త దానిని నాకు మరల గుర్తుకు తెచ్చినది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయు చట్టము చేసినది. యజమానులకు నష్టపరిహారముగా 2 కోట్ల పౌనులు ఇచ్చినది. అది నాటి ప్రభుత్వపు ఏటి వ్యయములో సుమారు 40 శాతము. అందుకై 1835లో ప్రభుత్వము 1 కోటి 50 లక్షల పౌనులు అప్పు తెచ్చినది. మారిషస్ యజమానులకే 20 లక్షల పౌనులకు పైగా ముట్టినవి. బానిసలకు ఒక్క పెన్నీయు దక్కలేదు. ఆ అప్పు 2015లో పూర్తిగా తీరినదనియు, పన్ను కట్టువారందరు అందులో పాలుపంచుకొనిరనియు బ్రిటిష్ కోశాగారము 2018లో ప్రకటించినది. అనగా నా జీతములోనుండి కోసిన పన్నును అందు కలసినది!

బానిసల స్థానమున చెరకు తోటలకు వచ్చినవారు మన పెద్దలే కదా! అయిదేండ్ల ఒడంబడిక, నెలకు అయిదు రూపాయల జీతము. ఒకనాడు పనికి రాకున్నచో రెండు దినముల కూలి కోత. ఆ కోసిన కూలి ఏ ఖాతాలోను జమకాలేదు. యజమానుల పద్దు మాత్రము 2015లో సక్రమముగా ముగిసినది.

మొదట నాకు కోపము వచ్చినది. పిదప సిగ్గు కలిగినది. పుస్తకములోని పంక్తి కొట్టివేయబడినందున ఋణము తీరినదని ఆ ప్రభుత్వము తలచినది. 1971లో నేనును అట్లే తలచితిని. 2023లో గ్లాడ్‌స్టన్ వంశీయులు గయానాకు వెళ్లి, తమ పూర్వుడైన జాన్ గ్లాడ్‌స్టన్ బానిసలను ఉంచినందుకు క్షమాపణ చెప్పికొనిరి. 1838లో ఆ దేశమునకు మొట్టమొదట భారతీయ కూలీలను రప్పించినవాడును అతడే. ఆయన పద్దులు ఏనాడో ముగిసినవి. అయినను ఋణము మిగిలియున్నదని మనుమల మనుమలు ఒప్పుకొనిరి.

దేవ, ఋషి, పితృ ఋణములు మూడని మనము చెప్పుకొందుము. శతపథ బ్రాహ్మణము నాలుగవ దానిని కూడ చెప్పినది. అది మనుష్య ఋణము. తోటివారికి ఆశ్రయమిచ్చి, అన్నము పెట్టినచో అది తీరును. ఇన్నేండ్లు ఇరుగుపొరుగు ఇండ్లలో పూజలు చేయించుచు ఈ మాట నేను ఎందరికో చెప్పితిని. ఆ ఖాళీ గది మాత్రము నాకు జ్ఞాపకము రాలేదు.

ఉద్యోగము విరమించిన పిదప మా యూరికి వెళ్లితిని. అంగడి లేదు. అంగడివాడు గతించెను, బిడ్డలు ఊరు విడిచిరి. కృతజ్ఞత చెప్పికొనుటకు ఎవరును మిగులలేదు. నాకు ఋణమిచ్చినవానికి తీర్చలేని దానిని తరువాత వచ్చినవానికి తీర్చవలెనని అప్పుడు తెలిసినది.

నేడు ఆ గదిలో చదువునకో పనికో క్రొత్తగా వచ్చిన పిల్లలు మొదటి నెల ఉందురు. అద్దె పుచ్చుకొనను. ఎప్పుడైన ఇంకొకరికి ఇట్లే చేయుమని మాత్రము చెప్పుదును. 1984లో నేను పంపివైచిన ఆ కుర్రవానికిని జాబు వ్రాసి, క్షమింపుమని వేడుకొంటిని. “మామయ్యా, నేను అప్పుడే మరచితిని” అని బదులు వచ్చినది. వాడు మరువలేదని నాకు తెలియును.

సోదరులారా! మీ యింటి పేరు ఎవరి పుస్తకములో వ్రాయబడియుండెనో మీ పెద్దలను అడిగి తెలిసికొనుడు. ఈ ఉగాదినాడు మీ బిడ్డలకు చెప్పుడు. స్వస్తి.