మన సర్వర్‌లోంచి అర్జీలు బయటపడిన సంగతి

కొంచెం పొడుగు పోస్టు. మధ్యలో టెక్నికల్ మాటలు వస్తాయి, అయినా చివరిదాకా చదవండి. తప్పు మేము చేసినాం, దెబ్బ మాత్రం మనలో ఒక చెల్లెలికి తగిలింది.

మేము నలుగురం, తిరుపతిలోనే చదువుకుంటాండాం. ఇద్దరు యానాదులు, ఒకరు ఎరుకల, ఒకరు సుగాలి. మా ఇండ్లల్లో కంప్యూటర్ ముట్టిన మొదటోళ్లం మేమే. తలా కొంత వేసుకుని 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. దాంట్లో మూడు సైట్లు: పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్ తేదీలు, అర్జీల పెట్టె. కుల ధ్రువీకరణ పత్రం ఆగిపోయిందనో, హాస్టల్లో ఇబ్బందనో పిల్లలు ఆ పెట్టెలో రాస్తే, మేము చదివి పెద్దోళ్ల కాడికి తీసుకుపోయేవాళ్లం.

ఒకే సర్వర్‌లో మూడు సైట్లు ఎట్లా అంటే, హాస్టల్ గేటు కాడ వాచ్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి. గేటు ఒకటే, లోపల గదులు చానా. వచ్చినోళ్లు "ఫలానా అమ్మాయి కోసం వచ్చినాం" అంటే ఆయన ఆ గదికి కబురు పంపుతాడు, బదులు తెచ్చి చెప్తాడు. బయటోళ్లు లోపలికి పోరు. రివర్స్ ప్రాక్సీ చేసే పని ఇదే. మేము పెట్టింది ఇంజిన్ ఎక్స్. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో బయటికిచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మనం బ్రౌజర్లో పేరు కొట్టినప్పుడు, ఆ పేరు "హోస్ట్" అనే వరుసలో సర్వర్‌కు పోతుంది. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1తో ఈ వరుస తప్పనిసరి అయింది. అంతకుముందు ఒక్కో సైటుకు ఒక్కో ఐపీ అడ్రసు కావాల్సి వచ్చేది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి కలిపి దాదాపు 430 కోట్లే. మనలాంటోళ్లకు మూడు ఎవరిస్తారు? ఆ హోస్ట్ వరుస పుణ్యాన ఒక్క అడ్రసుతోనే పని జరిగిపోతాంది.

మూడు సైట్లకు మూడు ఫైళ్లు రాసినాం. ఒక్కోదాంట్లో ఒక్కో పేరు, ఆ పేరుతో వస్తే లోపల ఏ పోర్టుకు పంపాలో: 3001, 3002, 3003. డొమైన్ కాడ నక్షత్రం గుర్తు పెట్టి, ముందర ఏ మాట చేర్చినా మా సర్వర్‌కే వచ్చేట్టు చేసుకున్నాం. అర్జీల జాబితా కనపడే పేజీకి పాస్‌వర్డ్ పెట్టలేదు. ఆ పేరు మా నలుగురికే తెలుసు కదా, ఇంకెవరు వస్తారులే అనుకున్నాం. మా తెలివి అంతే.

ఒకరోజు రాత్రి సత్యవేడు తమ్ముడు ఫోన్ చేసినాడు. "అనా, పాత పేపర్లు తెరిస్తే ఎవరో పిల్లల అర్జీలు వస్తాండాయి. పేర్లతో సహా ఉండాయి."

మొదట నమ్మలేదు. మా ఫోన్లో కొడితే బాగానే వచ్చింది. ఏం కొట్టినావురా అని అడిగితే, పేరుకు ముందు మూడు డబ్ల్యూలు పెట్టినానన్నాడు. మేమూ అట్లాగే కొట్టినాం. అర్జీల జాబితా వచ్చింది. చేతులు చల్లబడిపోయినాయి.

జరిగింది ఇది. ఇంజిన్ ఎక్స్ తనకు తెలియని పేరుతో ఎవరన్నా వస్తే వెనక్కి పంపదు. అట్లాంటోళ్లను ఎక్కడికి పంపాలో మనం చెప్పకపోతే, తాను మొదట చదివిన సైటుకే పంపిస్తుంది. ఫైళ్లను ఇంగ్లీషు అక్షరాల వరుసలో చదువుతుంది. అర్జీల ఫైలు పేరు "ఏ"తో మొదలు, కాబట్టి అదే మొదటిది. మూడు డబ్ల్యూలతో ఉన్న పేరు మేము ఏ ఫైల్లోనూ రాయలేదు. అంటే, ఎవరి కోసమో చెప్పలేని మనిషిని మా వాచ్‌మన్ నేరుగా ఆడపిల్లల గదికి తోలినాడు.

వెంటనే సర్వర్ ఆపేసినాం. తర్వాత, ఎంతమంది చూసినారో తెలుసుకుందామని లాగ్ తెరిచినాం. అప్లికేషన్ లాగ్‌లో అందరిదీ ఒకటే అడ్రసు, 127.0.0.1. వాళ్ల బదులు తలుపు తట్టేది ప్రాక్సీనే కదా. ఇంజిన్ ఎక్స్ సొంత లాగ్‌లో అసలు అడ్రసులు ఉండాయి గానీ, ఎవరు ఏ పేరు అడిగినారో మామూలుగా దాంట్లో రాయదు. మూడు సైట్లకూ ఒకటే లాగ్, అన్నిట్లోనూ మొదటి పేజీ ఒకే గీత. పేపర్ల కోసం వచ్చినోళ్లు ఎవరు, అర్జీలు చూసినోళ్లు ఎవరు, విడదీయలేకపోయినాం.

ఆ జాబితాలో పైనున్నది మొదటి సంవత్సరం చదివే చెల్లెలి అర్జీ. హాస్టల్లో ఒక మనిషి గురించి రాసింది, ఇంట్లో కూడా చెప్పలేదంట. మేము నేరుగా మాట్లాడలేక, మనోళ్లలో ఒక అక్కను పంపినాం. ఆ పిల్ల అడిగింది ఒకటే మాట: "ఎంతమంది చూసినారక్కా?" అక్క మాకు ఫోన్ చేసి అదే అడిగింది. మా కాడ జవాబు లేదు. తన అర్జీ తీసేయమనింది, తీసేసినాం. మిగతావాళ్లకు కూడా ఒక్కొక్కరికీ చెప్పినాం. ఇద్దరు మాతో మాట్లాడటం మానేసినారు. వాళ్లను అనేదేముంది.

మనలో ఇంకెవరన్నా సర్వర్ పెట్టుకుంటాంటే, మేము తర్వాత మార్చినవి ఇవి. అన్నిటికంటే ముందు చదివే ఒక ఫైలు రాసి, తెలియని పేరుతో వస్తే 444 అని పెట్టినాం. బదులేమీ ఇవ్వకుండా గేటు మూసేయమని దాని అర్థం. అదే ఫైల్లో "డిఫాల్ట్ సర్వర్" అని రాస్తే, ఇంక అక్షరాల వరుసతో పనిలేదు. అసలు అడ్రసునూ, అడిగిన పేరునూ లోపలి అప్లికేషన్‌కు అందించే వరుసలు చేర్చినాం. లాగ్‌లో పేరు కూడా పడేట్టు చేసినాం. వెతుకుతాంటే ఇంకో బొక్క కనపడింది: 3001 పోర్టు బయటికే తెరిచి ఉంది. అడ్రసు పక్కన ఆ నంబరు కొడితే ప్రాక్సీతో పనిలేకుండా ఎవరైనా లోపలికి పోవచ్చు. ఇప్పుడు మూడూ 127.0.0.1 మీద మాత్రమే వింటాయి. ఏం మార్చినా, ముందు పరీక్ష కమాండ్ కొట్టి, తర్వాతనే రీలోడ్ చేస్తాం. ఆ పరీక్ష కూడా రాత తప్పులనే పట్టుకుంటుంది, మేము చేసినట్లాంటి తప్పును పట్టుకోదు. అందుకే తప్పుడు పేర్లు మేమే కొట్టి చూస్తాండాం.

రహస్యపు పేరు సంగతి కూడా చెప్పాలి. ఒక్కో పేరుకు విడిగా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకుంటే, ఆ పేర్లు ఎవరైనా చూడగలిగే బహిరంగ జాబితాలోకి ఎక్కుతాయి. పేరు దాచి బతుకుదాం అనుకుంటే కుదరదు.

పాత పేపర్లు, స్కాలర్‌షిప్ తేదీలు నడుస్తాండాయి. అర్జీల పెట్టె మూసే ఉంది. పాస్‌వర్డ్ పెట్టినాం, పేర్లు లేకుండా రాసేట్టు మార్చినాం. తెరవమంటారా అని ఆ చెల్లెల్ని అక్కతో అడిగించినాం. ఇంకా ఏం చెప్పలేదు.