మనదే కదా అనుకున్నాను

అమరావతిలో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా, అమరేశ్వరుడి దర్శనం కాగానే స్తూపం దగ్గరికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ నా ఉపన్యాసం ఒకటి ఉండేది. 1797లో కాలిన్ మెకంజీ దీపాలదిన్నె అనే ఈ దిబ్బను చూడటం, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించటం, బొమ్మలు చెక్కిన పలకలు మద్రాసుకీ అక్కణ్ణుంచి లండన్‌కీ చేరటం, అన్నీ వరసగా చెప్పి, చివర్లో గొంతు పెంచేవాణ్ణి. "మన సొమ్మండీ! పోయి బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుంది!" చుట్టాలు తలలూపేవాళ్ళు. అంతకు ముందే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో, ఆ దీపాలదిన్నె ఇటుకలూ రాళ్ళూ మనవాళ్ళే తవ్వి కట్టడాలకు వాడుకున్నారన్న సంగతి మాత్రం గబగబా దాటేసేవాణ్ణి. ఉపన్యాసం రక్తి కట్టాలి కదా.

అంత చెప్పినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి.

ఆక్లండ్‌లో ఉన్న చెల్లెలు రమ్మంటే ఒక వేసవిలో న్యూజిలాండ్ వెళ్ళాను. వాళ్ళు నన్ను ఉత్తరాన హొకియాంగా రేవుకు తీసుకెళ్ళారు. నేల లోపలికి దూరంగా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని నోటి దగ్గర కొండంత ఇసుక దిబ్బలు, ఒడ్డునే చిన్న చిన్న పల్లెలు. తమ పూర్వీకుడు కూపే పడవ వేసుకుని ఈ రేవుకే వచ్చాడనీ, తిరుగు ప్రయాణం కట్టింది కూడా ఇక్కణ్ణుంచేననీ మావోరీలు చెప్పుకుంటారు. దగ్గర్లోని వైపోవా అడవిలో టానే మహుతా అనే మహా కౌరీ వృక్షం ఉంది. అడవి దేవుడి పేరే దానికి పెట్టుకున్నారు. కౌరీ చెట్ల వేళ్ళకు తెగులు అంటకుండా, అడవిలో అడుగుపెట్టే ముందు ఎవరైనా సరే బూట్లు బ్రష్‌తో రుద్ది, అడుగులకు మందు పట్టించుకోవాలి. చేలోంచి బురద కాళ్ళతో ఇంట్లోకి వచ్చి రోజూ తిట్లు తినే నేను, అక్కడ బూటు గాడుల్లో మట్టి కూడా గోకి మరీ తీశాను.

ఒడ్డున ఒక నున్నటి రాయి నచ్చి చేతిలోకి తీసుకున్నాను. "అన్నయ్యా, పెట్టెయ్" అంది చెల్లెలు. పెట్టేశాను. మావోరీల నాటి పాత వస్తువు ఏది దొరికినా 28 రోజుల్లోగా అధికారులకు చెప్పాలట, అందుకు 1975 నాటి చట్టం ఉందట. "దేశమంటే ఇలా ఉండాలి" అన్నాను. ఇంటికొచ్చాక మిరపకల్లాల దగ్గరా, పత్తి కొట్లలోనూ కనిపించిన ప్రతివాడికీ ఆ బూట్ల కథ చెప్పాను.

చెప్పీ చెప్పీ రోషం పుట్టింది. వాళ్ళకేనా రేవు? మనకు మోటుపల్లి లేదూ? కాకతీయుల ఓడరేవు. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవు గురించేనని, ఆయన మెచ్చుకున్న రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు చెబుతారు. ఆ గొప్పంతా నోటికి వచ్చు గానీ ఊరు మాత్రం చూడలేదు. గుంటూరు, చీరాల, వేటపాలెం మీదుగా బయల్దేరాను. అప్పట్లో అది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా.

రేవంటే ఏవేవో ఊహించుకుని వెళ్ళాను. ఓడ లేదు, కోట లేదు. ఇసుక నేలలు, సరుగుడు తోటలు, వేరుశనగ చేలు, చేల మధ్య దొరువులు. వీరభద్రుడి గుడిలో శాసన స్తంభం ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నాను. పాత లిపి, ఒక్క ముక్క అర్థం కాలేదు. దాని సంగతి చదువుకుని వెళ్ళాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇక్కడ చైనా పింగాణీ పెంకులు దొరికాయని మాత్రం ఎక్కడో చదివాను. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా దక్షిణాది తీరాల్లో వాటి కోసమే వెతికారని కూడా తెలుసు. ఇక నా చూపంతా నేల మీదే. చేల గట్ల వెంట వంగి నడుస్తుంటే, దొరువులో బిందె ముంచుతున్న ఒక పెద్దావిడ తలెత్తింది. "ఏం ఎతుకుతున్నావయ్యా? ఏమన్నా పడిపోయిందా?" అంది. "ఏం లేదమ్మా, ఊరికే చూస్తున్నా" అన్నాను. ఎండన పడి వచ్చానని చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాను. ఆమె అటు తిరగ్గానే, ఆమె చేని గట్టు మీద కనిపించిన పెంకును తీసి జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ఉంటుంది. ఒక వైపు లేత ఆకుపచ్చ మెరుపు, విరిగిన అంచు బూడిద రంగు. దొంగతనమన్న ఆలోచన ఆవగింజంత కూడా రాలేదు. మన నేలే కదా, మన పెంకే కదా!

దాన్ని నా రాతబల్ల మీద పెట్టుకున్నాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువుకు పనికొచ్చేది.

కొన్నాళ్ళకు గుంటూరులో ఒక సభలో మోటుపల్లి గురించి మాట్లాడమన్నారు. అప్పుడు గానీ శాసనం అర్థం సంపాదించి చదవలేదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం అది. అంతకు ముందు రాజులు, తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం లాక్కునేవారట. ధనం ప్రాణం కంటే తీపి, దాని కోసం సముద్రానికి తెగించి వచ్చేవాళ్ళ సొత్తు వాళ్ళకే ఉండాలి, మేము నియమిత సుంకం తప్ప ఏమీ పుచ్చుకోం అని ఆయన మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. గంధానికీ కర్పూరానికీ ముత్యాలకీ పన్నీటికీ దంతానికీ విడివిడిగా లెక్కలు.

ఈ సంగతులు నా వాక్యాల్లో రాసుకుంటున్నాను. "ఓడ కొట్టుకొచ్చింది తమ ఒడ్డుకే గనక సరుకూ తమదేనని ఆ రాజులు అనుకునేవారు" అని రాసి, కాగితం తిప్పబోయాను. తిరగలేదు. పైన పెంకుంది.

కలం పక్కన పెట్టి ఆ పెంకును చూస్తూ ఉండిపోయాను. ఆ రాజుల వాదన నాదే. మన ఒడ్డు, మన నేల, ఇంకెవరి సొమ్ము? గణపతిదేవుడు ఏది మానుకుంటానని రాతి మీద చెక్కించాడో, సరిగ్గా ఆ పని ఆ ఊళ్ళోనే చేసి వచ్చాను. అదీ నీళ్ళిచ్చిన ఆవిడ చేని గట్టున. పరాయి దేశంలో గులకరాయి కూడా తిరిగి పెట్టేసినవాణ్ణి, లండన్ వాళ్ళను ఏళ్ళ తరబడి తిట్టినవాణ్ణి. ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది. మెకంజీ కనీసం బొమ్మలు గీయించి, కొలతలు వేయించి పెట్టాడు. నేను అదీ చేయలేదు.

పాత కుండ పెంకులు తెలిసిన ఒకాయనకు చూపించాను. చైనాదా కాదా అని ఆత్రంగా అడిగితే, ఆయన నన్నే అడిగాడు. "మోటుపల్లిలో ఏ చేలో? పైనే ఉందా, తవ్విన మట్టిలోనా? పక్కన ఇంకేమున్నాయి?" ఒక్కదానికీ జవాబు లేదు. "చోటు తెలియకపోతే ఇది ఉత్త పెంకేనండీ" అన్నాడు. చైనా నుంచి అంత దూరం చెడకుండా వచ్చిందేమో, అమరావతి దాకా తెచ్చి నేను చెడగొట్టాను. చట్టం తెలియదందామా అంటే అదీ మనకుంది. వందేళ్ళు దాటిన ఇలాంటివి పురావస్తువులని 1972 చట్టం చెబుతుంది. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలన్నది 1878 నాటి మాట.

పెంకును పురావస్తు శాఖ వాళ్ళకు అప్పజెప్పాను. స్తూపం దగ్గర నా ఉపన్యాసం ఇప్పటికీ ఉంది గానీ, వాసిరెడ్డి వారి కాలం ముక్క దాటెయ్యకుండా చెబుతున్నాను.

మీరూ ఇలాంటివి చేసే ఉంటారు. పాత గుడి దగ్గర ఇటుక ముక్కో, కోట గోడ రాయో మీ షోకేసులోనూ ఉండొచ్చు. మోటుపల్లి తప్పకుండా వెళ్ళండి, శాసనంలో ఏముందో చదువుకుని వెళ్ళండి. చేలోకి దిగే ముందు చేనుగల వాళ్ళను అడగండి. పెంకు కనిపిస్తే ఉన్నచోటే ఫొటో తీసి, చోటు రాసుకుని, పురావస్తు శాఖకు తెలియజేయండి. జేబులో మాత్రం వేసుకోకండి.