టీవీ ట్యూనర్ కార్డు, ఒక పాత క్యాసెట్టు



మొన్న ఒక పూర్వవిద్యార్థి ఫోను చేశాడు. "సారూ, మా అమ్మానాయనల పెండ్లి క్యాసెట్టు ఉన్నది. కంప్యూటర్ల ఎక్కించాలె. ఏ కార్డు కొనాలె?" అని అడిగాడు. తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదిది. కాని మా మొగుడంపల్లిలో ఈ వ్యవహారంలో చేతులు కాల్చుకొన్నవాణ్ణి నేనని వాడికి తెలుసు. వాడికి ఫోనులో చెప్పినది సగమే. మిగిలిన సగం ఇక్కడ వ్రాస్తున్నాను.

2007లో మాట. మొగుడంపల్లి అప్పటికి మెదక్ జిల్లా జహీరాబాదు మండలంలోని గ్రామం. ప్రత్యేక మండలమై సంగారెడ్డి జిల్లాలో చేరింది 2016లో. ఇంట్లో ఒక్కటే టీవీ. సాయంకాలమైతే దాని మీద సీరియళ్లదే ఏలుబడి. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయికి క్రికెట్టు కావాలి, ఆ సెప్టెంబరులో ఇరవై ఓవర్ల ప్రపంచకప్పు. కంప్యూటరులోనే టీవీ వచ్చేటట్లు కార్డు వేయిద్దామని తండ్రీకొడుకులం బస్సెక్కి సికిందరాబాదు ప్యారడైజ్ దగ్గర దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు చేరాము. ఆ భవనంలో తిరిగినవారికి తెలుసు, అక్కడ కొనేవాడు అడిగేదానికన్న అమ్మేవాడు చెప్పేది ఎక్కువ. "సార్, ఇది తీసుకోండి. వంద ఛానెళ్లు పడ్తయి, రిమోటు ఉన్నది, ఎఫ్.ఎం. గూడ వస్తది" అన్నాడు దుకాణపు కుర్రవాడు. నేను అడిగినవి మూడే: ఎన్ని ఛానెళ్లు, ఎంత ధర, ఎంత కాలం పూచీ. అడగవలసినవాటిలో ఒక్కటీ అడగలేదు.

ఆనాడు దొరికిన సరుకు మూడు విధాలు. కంప్యూటరు పెట్టె విప్పి పీసీఐ గాడిలో దిగగొట్టే కార్డు మొదటిది. ఇది చవక, కాని వచ్చిన బొమ్మను కుదించే భారమంతా కంప్యూటరు మీదనే పడుతుంది. రెండవది, ఎంపెగ్-2గా కుదించే చిప్పు తనలోనే ఉన్న కార్డు; హాపాగ్ వారి పీవీఆర్-150 వంటిది. కంప్యూటరు బలహీనమైనా ఇది తన పని తాను చేసుకొంటుంది, ధర మాత్రం నా అందుబాటులో లేదు. మూడవది మానిటరుకు నేరుగా తగిలించే బాహ్యపేటిక. అందులో టీవీ చూడడమే గాని కంప్యూటరులో దాచుకోవడం లేదు. నేను కొన్నది మొదటి విధం. ఫైనలు, సెప్టెంబరు 24న, భారతదేశం పాకిస్తానును ఐదు పరుగుల తేడాతో ఓడించిన ఆట, ఆ కార్డు మీదనే చూశాము. కరెంటు పోలేదు. అది మా ఊరికి విశేషమే.

కార్డు వెనుక పసుపుపచ్చని రంధ్రమొకటి ఉన్నదని అప్పటిదాకా గమనించలేదు. "నాయనా, దీనికి వీసీఆర్ తగిలిస్తే క్యాసెట్లు రికార్డు చేసుకోవచ్చు" అన్నాడు మావాడు. ఆ మాటతో నాకు బీరువాలోని క్యాసెట్టు గుర్తుకు వచ్చింది.

1993లో మా గురువుగారు పదవీవిరమణ చేసినప్పుడు శిష్యులందరం కలిసి సన్మానం చేశాము. జహీరాబాదు పెండ్లిళ్ల వీడియో ఆయన వచ్చి తీశాడు. ఆ సభలో గురువుగారు పోతన గజేంద్రమోక్షం నలభై నిమిషాలు చదివారు. ఆయన చదువు వేరు. రాగం కోసం పాదాంతంలో సాగదీయరు. అర్థం ఆగినచోట ఆగుతారు, యతిని మాత్రం చెవికి తగిలిస్తారు. 2001లో ఆయన గతించారు. ఆ గొంతు మిగిలినది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

ఆ దసరా సెలవులలో వీసీఆర్ ఎరువు తెచ్చి తగిలించాను. బొమ్మ నలుపు తెలుపులలో వచ్చింది. అమర్పు అమెరికా పద్ధతిలో ఉన్నదట. మన దేశపు పాల్ పద్ధతికి మార్చగానే రంగులు వచ్చాయి. పాల్‌లో సెకనుకు 25 చిత్రాలు, 625 గీతలు. అందులో బొమ్మకు పనికివచ్చేవి 576. కుదించకుండా దాచితే గంటకు సుమారు 75 గిగాబైట్లు! నా హార్డ్ డిస్కు మొత్తమే 80. పైగా అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండడం వలన ఫైలు 4 గిగాబైట్లకు చేరగానే రికార్డింగు నిలిచిపోయింది. మళ్లీ మొదటికి త్రిప్పాను.

రెండవసారి బొమ్మ పూర్తిగా వచ్చింది గాని ధ్వని తప్పింది. ఆ చవక కార్డులలో బొమ్మ కార్డు గుండా, ధ్వని వేరొక తీగతో సౌండ్ కార్డు గుండా పోతాయి. రెండింటి గడియారాలు రెండు. దానికి తోడు, కంప్యూటరు అందుకోలేక కొన్ని చిత్రాలను జారవిడిచింది. అరగంట గడిచేసరికి గురువుగారు పాదం ముగించి పెదవులు మూసిన తరువాత పద్యం వినిపిస్తున్నది. యతిభంగాన్నైనా సహిస్తాను గాని దీన్ని సహించలేకపోయాను. మళ్లీ త్రిప్పాను.

మూడవసారి, పదునాలుగు సంవత్సరాల టేపు, గైడు రోలరు దగ్గర పైకెక్కి అంచు మడతపడింది. కిర్రుమన్న చప్పుడుకు పరుగెత్తి ఆపేసరికి కొన్ని గజాలు నలిగిపోయింది. తప్పు వీసీఆర్‌ది కాదు, కార్డుది అసలే కాదు. ఏదైనా పనికిరాని సినిమా క్యాసెట్టుతో అమర్పులన్నీ సరిచూసుకొని ఈ క్యాసెట్టును ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆడించవలసినది. తొందరపడ్డాను.

మా ప్రాంతంలో వీడియో అంటే పెండ్లిళ్లకేనని అనుకోవద్దు. పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, బడి ముఖం చూడనివారు సైతం, కెమెరాలు పట్టి తమ చేలను, విత్తనాలను చిత్రాలుగా తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో కూడ మొదలైంది. తమ మాటను దాచుకోవడంలో వారికున్న జాగ్రత్త పండితుణ్ణైన నాకు లేకపోయింది.

జహీరాబాదులో ఒక మెకానిక్కు ఆ రీలును విప్పి వేరే క్యాసెట్టు డబ్బాలోకి ఎక్కించి, మడతలు వేలితో సాపు చేసి ఇచ్చాడు. మావాడు డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాడు. వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్టువేరు దించి, హఫ్‌వైయూవీ పద్ధతిలో నాణ్యం చెడకుండా కుదించి, ధ్వనిని బొమ్మతో సరిపెట్టే అమర్పు పెట్టాడు. నాలుగవసారి, నెట్టు తీగ పీకివేసి, ఫ్యాను కూడ ఆపి కూర్చున్నాము. నలభై నిమిషాలూ వచ్చింది, ఒక చోట తప్ప.

ఇక కార్డు సంగతి. ఏ ట్యూనరు కోసం కొన్నామో అది చచ్చిపోయింది. 2011 చట్టసవరణతో కేబులు అంచెలంచెలుగా డిజిటలై, 2017 నాటికి పల్లెలకూ సెట్‌టాప్ పెట్టెలు వచ్చాయి. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడ 2022 నాటికి, సరిహద్దు వంటి కొద్ది చోట్ల తప్ప, మూతపడ్డాయి. వంద ఛానెళ్ల కార్డులో ఇప్పుడు పడేది గులకరాళ్ల చప్పుడే. పనికివస్తున్నది నేను చూడనైనా చూడని ఆ పసుపు రంధ్రం. ఆ కార్డు కోసమే పాత ఎక్స్‌పీ కంప్యూటరును ఇప్పటికీ ఉంచుకొన్నాను. కొత్తవాటిలో పీసీఐ గాడి కనబడదు.

విద్యార్థికి చెప్పినది ఇది. నేడు "క్యాప్చర్ కార్డు" అని అడిగితే ఆటలాడే పిల్లలకు పనికివచ్చే హెచ్‌డీఎంఐవి ఇస్తారు. క్యాసెట్టుకు పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలున్న యూఎస్‌బీది కావాలి. ఎస్-వీడియో ఉంటే మేలే గాని మామూలు వీసీఆర్‌కు అది ఉండదు. ధ్వని, బొమ్మ రెండూ ఒకే పరికరం గుండా పోవాలి. కార్డుకన్న ముందు మంచి వీసీఆర్ వెదుక్కోమన్నాను. జపానులోని ఫునాయ్ సంస్థ 2016లో వాటి తయారీని ఆపివేసింది, ఇక ఉన్నవాటితోనే. టేపు మీద తెల్లని బూజు కనబడితే ఆడించకుండా ముందు శుభ్రం చేయించాలి.

ఆ ఒక చోటు సంగతి చెప్పలేదు. వీహెచ్‌ఎస్ టేపులో బొమ్మ నడుమ ఏటవాలుగానూ, ధ్వని పై అంచున సన్నని గీతగానూ ఉంటాయి. నలిగినది అంచు. అందుచేత నాలుగు నిమిషాలు గురువుగారు కనబడుతూనే ఉన్నారు, వినబడరు. ఏనుగు బలం సన్నగిల్లి మొరపెట్టుకొనే ఘట్టం అది. పెదవుల కదలికను బట్టి పద్యమేదో, ఏ పాదంలో ఉన్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది.

"ఆ నాలుగు నిమిషాలు నువ్వు చదువు నాయనా, కలిపేద్దాం" అని మావాడు ఎన్నోసార్లు అన్నాడు. ఒకసారి మైకు ముందు కూర్చున్నాను కూడ. మొదటి పద్యం రెండవ పాదంలో, ఆయన ఆగినచోట నేను ఆగలేదు. మైకు తీసివేయమన్నాను.