గీతకు జానెడు దూరం

మేము తొమ్మిదిలో ఉండగా కబడ్డీ పోటీలకు వార్డెన్ గారు తన కెమెరా మా చేతికిచ్చారు. 36 ఫొటోల రీలు ఒక్కటే. కడిగించి చూస్తే అన్నీ వీపులే! షట్టర్ వేగం 1/60లో ఉంచడంతో కాళ్ళూ చేతులూ పొగలా చెదిరిపోయాయి.

మరుసటి ఏడు 1/500 పెట్టాం. మధ్యగీత పక్కన నేలమీద కూర్చున్నాం. కూతకు వెళ్ళినవాడు తిరిగి వచ్చేది గీతకే కదా, ముఖం అక్కడే దొరుకుతుంది. పట్టు పడ్డాక నొక్కితే ఆలస్యమే, పడబోతుండగా నొక్కాలి.

ఫైనల్లో మా జూనియర్ ఒకడు గీతకు జానెడు దూరంలో దొరికిపోయాడు. చాచిన చెయ్యి, మట్టి కొట్టుకున్న బుగ్గలు, కళ్ళనిండా నీళ్ళు. మేము తీసిన వాటిలో అదే మంచి ఫొటో. నోటీసు బోర్డుకు అంటించబోతే "అన్నా, అది వద్దే" అన్నాడు. మనసొప్పకపోయినా ఆపేశాం.

వేసవి సెలవులకు పెట్టె సర్దుకుంటూ వాడే వచ్చి అడిగాడు. "ఇవ్వన్నా, అమ్మకు చూపిస్తా. ఇంట్లో నా ఫొటో ఒక్కటీ లేదు."

తమ్ముళ్ళూ! ఇప్పుడు సెల్‌ఫోనుతో ఎన్నయినా తీయవచ్చు. గెలిచినవాడినే కాదు, ఓడినవాడినీ తీయండి. నలుగురికీ చూపే ముందు మాత్రం వాడినొక మాట అడగండి.