మూలన కాలు లేని మేడ

పోయిన క్రిస్మస్ సెలవులకు అమెరికా నుండి వచ్చిన మా మేనల్లుడు తాను తీసిన ఫొటోలు చూపించాడు. వాటిలో ఒకదాని దగ్గర మేమందరం ఆగిపోయాము. న్యూయార్కు పట్టణంలో వెండిలా మెరిసే ఒక మేడ. 59 అంతస్తులు, సుమారు 279 మీటర్ల ఎత్తు. 1977లో పూర్తయిన దాని అప్పటి పేరు సిటీకార్ప్ సెంటర్.

మమ్మల్ని ఆశ్చర్యపరచింది దాని ఎత్తు కాదు, దాని కాళ్లు. తొమ్మిది అంతస్తుల ఎత్తుగల నాలుగు పెద్ద స్తంభాలపై అది నిలిచి ఉంది. చేనులో మంచె వేస్తే నాలుగు మూలలా గుంజలు పాతుతాము. ఈ స్తంభాలు మాత్రం నాలుగు ప్రక్కల నడిమధ్యన ఉన్నాయి. మూలలు గాలిలోనే ఉన్నాయి.

"మూలన కాలు లేకుండా ఎలా నిలిచిందిరా?" అని మా అమ్మ అడిగింది.

"ఆ మూలన గుడి ఉంది, అమ్మమ్మా" అన్నాడు వాడు.

ఆ స్థలంలో పూర్వం సెయింట్ పీటర్స్ అనే లూథరన్ దేవాలయం ఉండేది. బ్యాంకువారు ఆ చోటు కావాలని అడిగితే సంఘస్థులు ఒక షరతు పెట్టారు. అదే మూలన తమకు వేరుగా క్రొత్త మందిరం ఉండాలి, మేడ స్తంభమేదీ దానిలోనుండి పోకూడదు. అందుకే విలియం లెమెజూరియర్ అనే ఇంజనీరు స్తంభాలను మధ్యకు జరిపాడు. ఫొటోలో ఆ మందిరం కోడి రెక్క క్రింద పిల్లలా కనిపించింది. మాకెంతో సంతోషమనిపించింది.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1978లో ఒక విద్యార్థి సందేహం మీదట ఆ ఇంజనీరు తన లెక్కలు మళ్లీ చూసుకొన్నాడు. గాలి మూలలకు ఏటవాలుగా తగిలితే అతుకులమీద భారం మరింత పెరుగుతున్నది. పైగా ఆ అతుకులను వెల్డింగు చేయక బోల్టులతో బిగించారని అప్పటికే తెలిసింది. పెద్ద తుఫాను వస్తే మేడ కూలవచ్చునని ఆయన లెక్కలో తేలింది.

మేడ బయటికి చక్కగానే ఉంది. ఊరుకొంటే ఎవరికీ తెలియదు. చెబితే పేరు పోవచ్చు, జీవనాధారమూ పోవచ్చు. ఆయన వెళ్లి బ్యాంకు పెద్దలతో చెప్పాడు. ఆ ఆగస్టు నుండి రాత్రివేళల్లో పనివారు రెండు వందలకు పైగా అతుకులకు రెండంగుళాల మందంగల ఉక్కు పలకలు వెల్డింగు చేశారు. సెప్టెంబరులో ఎల్లా అనే తుఫాను తీరంవైపు వచ్చి, దేవుని దయవలన సముద్రంలోకి మళ్లింది. అయితే చుట్టుప్రక్కల ప్రజలకు ఆ అపాయం సంగతి చెప్పలేదు. 1995లో ఒక పత్రిక వ్రాసేవరకు అది మరుగుననే ఉంది. ఆ దాపరికం మాత్రం మాకు నచ్చలేదు.

ఇది విన్న రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. కారణం మా ఇంటి వసారా. కట్టేటప్పుడు డబ్బు చాలక ఇనుము తగ్గించమని మేస్త్రితో చెప్పింది మేమే. రెండేళ్ల క్రితం స్లాబుకు పగులు వచ్చింది. పండుగకు పూత పూయించి, సున్నం వేయించి కప్పేశాము. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వసారాలోనే ఇరవైమంది పిల్లలు కూర్చుని వాక్యం నేర్చుకొంటారు. బండమీద కట్టిన ఇంటి ఉపమానం వారికి చెప్పింది కూడా ఆ పగులు క్రిందనే!

తెల్లవారి మేస్త్రిని పిలిపించాము. ఆయన సున్నం గోకి చూసి, "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. మావద్ద జవాబు లేదు. ఆ పూటే సరుగుడు గుంజలు పోటీ పెట్టించాము. పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు ఉన్న సంగతి చెప్పాము. కొందరు మంచి చేశారన్నారు. ఒక తల్లి మాత్రం, "మీ పిల్లలైతే కూర్చోబెట్టేవారా?" అని అడిగింది. ఆ మాట న్యాయమే. తలవంచుకొని క్షమించమన్నాము.

ఇప్పుడు పిల్లలు వేపచెట్టు క్రింద కూర్చుంటున్నారు. పంట డబ్బు రాగానే స్లాబు తీసివేయిస్తాము. ఆ ఫొటో మా గోడమీద ఉంది. చూసినవారు ఎంత పెద్ద మేడో అంటారు. మాకు మాత్రం దాని లోపల కనబడని ఉక్కు పలకలు, అవి అక్కడికి రావడానికి ఒక మనిషి విప్పిన నోరు జ్ఞాపకం వస్తాయి.

ప్రియమైన చదువరులారా, మన ఇళ్లలో సున్నం వేసి కప్పిన పగుళ్లు ఏవైనా ఉన్నాయేమో, గాలివాన రాకముందే చూసుకొందాము.