చల్లదనం ఎవరి పద్దు?

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో మా మేనత్త వాళ్ల సందు ఇరుకు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కొలువులకు వలస వచ్చిన తెలుగువారి మూడో తరం, నాలుగో తరం అక్కడున్నది. మే నెల రాత్రి ఒక ఇంటి ఏసీ వెళ్లగక్కిన వేడి ఎదురింటి కిటికీలోకి పోతుంది. కొనగలిగినవాడి చల్లదనానికి కొనలేనివాడు చెల్లిస్తున్నాడు. మన ఇంధన విధానం దీనిని ఇప్పటికీ సొంత ఖర్చుగానే చూస్తున్నది.

ఒకే కేంద్రంలో నీటిని చల్లబరచి, భూగర్భ గొట్టాల ద్వారా భవనాలకు పంపే పద్ధతి ఉన్నది. అందరికీ గరిష్ఠ అవసరం ఒకే గంటలో రాదు గనుక తక్కువ యంత్రాలు చాలు. రాత్రి చల్లబరచి నిల్వచేసిన నీరు పగటి విద్యుత్ భారాన్ని తగ్గిస్తుంది. గుజరాత్ గిఫ్ట్ సిటీలో ఇది నడుస్తున్నది. 1973 చమురు సంక్షోభం దరిమిలా డెన్మార్క్ 1979లో ఉష్ణ సరఫరాకు చట్టమే చేసింది. వారికి వెచ్చదనం, మనకు చలువ.

అమరావతిలో శాసనసభ, సచివాలయం, హైకోర్టు ఉండే ప్రభుత్వ సముదాయానికి 20,000 టన్నుల శీతలీకరణ కోసం 2019 ఫిబ్రవరిలో తబ్రీద్ సంస్థతో సీఆర్‌డీఏ ఒప్పందం కుదిరింది. కొద్ది నెలలకే ప్రభుత్వం మారింది, రాజధాని పనులే ఆగిపోయాయి. దశాబ్దాల గొట్టాలను ఐదేళ్ల పాలకుల ఇష్టాయిష్టాలకు కట్టేస్తే ఎవరు పెట్టుబడి పెడతారు? విచిత్రమేమంటే, ఆ మార్చిలోనే కేంద్రం తెచ్చిన శీతలీకరణ ప్రణాళిక 'అందరికీ' ఉష్ణ సౌఖ్యం అన్నది. వరుసలో ముందు నిలిచినవారు శాసనసభ్యులు.

ఖరిదా సందుల్లో గొట్టాలు తవ్వడం అయ్యే పని కాదు. కానీ ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి, కార్యాలయాలు ఒకే యజమానివి. మొదలుపెట్టడానికి ఇద్దరిని ఒప్పించనక్కరలేదు. సందులకైతే ముందు తెల్లసున్నం పూసిన కప్పులు కావాలి, వాటికీ బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి.