మెరక మీద కోట, పల్లంలో గుర్రం

మణిపూర్ రాజధాని ఇంఫాల్ నడిబొడ్డున, బళ్ల రొదకు ఆనుకునే, ఒక పచ్చిక మైదానం ఉంది. పేరు మాపాల్ కాంగ్జెయ్‌బుంగ్. ఇంఫాల్ లోయలో ఉండే మైతేయిల భాషలో మాపాల్ అంటే వెలుపలిది. లోపలిది వేరే ఉంది: పక్కనే కాంగ్లా కోటలో, రాజులు ఆడుకున్న మానుంగ్ కాంగ్జెయ్‌బుంగ్. వెలుపలి మైదానం మాత్రం ఊరందరిదీ. ఇప్పటికీ పోలో ఆడుతున్న మైదానాల్లో ప్రపంచంలోనే ఇది అన్నిటికంటే పాతదని పేరు.

అక్కడ పాత పద్ధతిలో ఆట మొదలయ్యే తీరే వేరు. జట్టుకు ఏడుగురు. మైదానం మధ్యలో నిలబడ్డ పెద్దమనిషి వెదురు వేరుతో చేసిన తెల్లటి బంతిని గాల్లోకి విసురుతాడు. అది నేల తాకేలోపే పద్నాలుగు గుర్రాలు దాని మీదికి దూకుతాయి. గోలు స్తంభాలు ఉండవు. ఎదుటివాళ్ల వైపు చివరి గీత దాటేలా బంతిని కొడితే చాలు. ఈ ఆట పేరు సాగోల్ కాంగ్జెయ్. సాగోల్ అంటే గుర్రం, కాంగ్జెయ్ అంటే బంతిని కొట్టే కర్ర. ఆ పేరులో గుర్రమే ముందుంది, అది ఊరికే కాదు.

ఆ గుర్రాన్ని దగ్గరగా చూడాలి. భుజం దగ్గర కొలిస్తే నాలుగడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రౌతు కాళ్లు దాదాపు దాని పొట్ట కిందికి వేలాడుతుంటాయి. ఛాతీ విశాలం, కాళ్లు పొట్టి, గిట్టలు గట్టివి. ఆట రోజున కళ్ల చుట్టూ, నుదుటి మీద, పిరుదుల పక్కన తెల్లటి నూలు కుచ్చులు కడతారు. పెళ్లికి ముస్తాబు చేసినట్టుంటుంది కానీ, అవి అలంకారానికి పెట్టినవి కావు. విసురుగా తిరిగే కర్ర తగిలినా, బంతి వచ్చి కొట్టినా దెబ్బ పడకుండా కాసే మెత్తలవి. పరుగులో ఉండగా నిలబడ్డచోటే గిర్రున వెనక్కి తిరగడంలో ఈ గుర్రానికి సాటి లేదు. ఆ తిరగడంలోనే దాని పాత చరిత్రంతా ఉంది.

ఒకప్పుడు ఈ లోయ సేనకు బలం ఆశ్వికులే. వాళ్ల ఆయుధం అరంబాయ్: ఇనుప మొన, నెమలి ఈకల తోక ఉన్న చిన్న ఈటె. జీనుకు రెండు పక్కలా పొదులు కట్టి వాటిలో నింపుకునేవారు. వెనుదిరిగి పారిపోతున్నట్టే పోతూ, తరిమేవాడి మీదికి వెనక్కి విసిరేవారు. అది నమ్మకంగా చేయాలంటే గుర్రానికీ మనిషికీ ఒకే ఆలోచన నడవాలి. 18వ శతాబ్దంలో గరీబ్ నివాజ్ రాజు ఏలుబడిలో ఈ పొట్టి గుర్రాలే బర్మా లోపలికంటా దాడులకు వెళ్లాయి. తర్వాత బర్మా రాజులు మణిపురీ రౌతుల్ని తమ సేనలోకి పట్టుకుపోయి ప్రత్యేక దళమే పెట్టుకున్నారు.

పగ తిరగబడింది. 1819 నుంచి 1826 దాకా బర్మా సేనలు లోయను ఊడ్చిపెట్టాయి. మైతేయిలు ఆ కాలాన్ని చాహి తరేత్ ఖుంతాక్‌పా అంటారు, ఏడేళ్ల వినాశం అని. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పడమటి కొండలు దాటి కాచార్‌కు చేరాయి. అలా పోయినవాళ్లు తమతో గుర్రాల్నీ ఆటనీ కూడా తీసుకెళ్లారు. కాచార్‌లో తేయాకు తోటల తెల్లదొరలు మొదట చూసింది ఈ కాందిశీకుల ఆటనే. లెఫ్టినెంట్ జోసెఫ్ షేరర్, కాచార్ అధికారి రాబర్ట్ స్టీవర్ట్ కలిసి 1859లో సిల్చార్‌లో పోలో క్లబ్బు పెట్టారు. 1862లో కలకత్తాలో మరొకటి వెలిసింది. ఇవాళ అర్జెంటీనాలో, ఇంగ్లండులో కోట్ల మీద నడిచే ఆటకు మూలం, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని కొండ దాటిన జనం. ఈ సంగతి పోలో గురించి రాసే ప్రతిచోటా మొదటి వాక్యంగా ఉండాలని నా పట్టుదల.

ఆట ఖండాలు దాటింది, గుర్రం ఇక్కడే ఉండిపోయింది. బయటి పోలోలో మొదట్లో గుర్రం ఎత్తుకు పరిమితి ఉండేది. అది తీసేశాక పెద్ద జాతుల పొడుగాటి గుర్రాలు వచ్చేశాయి. మణిపురీ గుర్రానికి ఆ మైదానాల్లో చోటు లేకుండాపోయింది. దాని ఎత్తుకూ ఒడుపుకూ తగిన ఆట దాని లోయలోనే మిగిలింది.

లోయ అన్నాను కదా, దాని నేల తీరు చెప్పాలి. మణిపూర్ రాష్ట్రంలో తొమ్మిది వంతులు కొండలే. మధ్యలో దోసిలిలా ఉన్న పదో వంతు ఇంఫాల్ లోయ. చుట్టూ కొండల నుంచి దిగే నీళ్లన్నీ ఇక్కడికే చేరి, లోతు లేని మడుగులై, గడ్డీ రెల్లూ పెరిగి నిలుస్తాయి. వాటిని పాట్ అంటారు. కాంగ్లా అన్న మాటకు ఎండిన నేల అని అర్థం చెబుతారు. అంటే రాజు కోట మెరక మీద కట్టుకున్నాడు, చుట్టూ ఉన్న పల్లం గుర్రానిది. మోకాలి లోతు నీళ్లలో దిగి లేత గడ్డి మేసే అలవాటు దానికి అలా వచ్చింది. సోంపేట బీల చిత్తడి నేలను చూసినవాళ్లకు పాట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బయటివాడికి పనికిరాని బురద, అక్కడివాడికి ఏడాదంతా తిండి.

మైతేయి ఇళ్లలో గుర్రాన్ని కొట్టంలో కట్టేసి దాణా పెట్టి పెంచే పద్ధతి తక్కువ. వదిలేస్తే పాట్‌కు పోయి మేసేది, కావలసినప్పుడు పట్టి తెచ్చుకునేవారు. దాన్ని నాగలికి కట్టరు. యుద్ధం, ఆట, దేవుడు, ఈ మూడింటికే గుర్రం. ఇంఫాల్‌కు ఉత్తరాన హైంగాంగ్ కొండ మీద వెలసిన మార్జింగ్ ఈశాన్య దిక్కును కాసే దేవుడు. గుర్రాలకూ పోలోకూ అధిపతి ఆయనే. ఆయన వాహనం రెక్కలున్న గుర్రం, సమదోన్ అయాంగ్బా. భక్తులు ఆ కొండెక్కి పోలో కర్ర, బంతి, గుర్రం బొమ్మలు సమర్పించుకుంటారు. మన దగ్గర పొలిమేర దేవతలకు మట్టి గుర్రాలు పెట్టే ఊళ్లవాళ్లకు ఈ మొక్కు పరాయిదనిపించదు.

ఇప్పుడు అసలు బాధ. పశుగణనలో 2003లో మణిపురీ గుర్రాలు సుమారు 1,900 తేలాయి. 2012కల్లా అవి దాదాపు 1,100కు పడిపోయాయి. ఏ రోగమో వచ్చి పోయినవి కావు, మేత పోయి తగ్గినవి. దక్షిణాన లోక్‌తాక్ సరస్సు దగ్గర జలవిద్యుత్ పథకం 1983లో మొదలైంది. దానికోసం ఇథాయ్ దగ్గర కట్టిన ఆనకట్ట నీటిని ఏడాది పొడవునా ఎత్తులో నిలబెట్టింది. ఎండాకాలం బయటపడే గడ్డి నేలలూ పొలాలూ నీటి కిందే ఉండిపోయాయి. ఉత్తరాన నగరం వైపు దీనికి సరిగ్గా ఉల్టా జరిగింది. అక్కడ పాట్‌లు పూడ్చారు. గుర్రాల మందలు మేసిన లాంఫెల్‌పాట్‌లో ఆఫీసులు, క్వార్టర్లు, ఆసుపత్రి లేచాయి. అకంపాట్, పోరోంపాట్ అన్నవి ఇప్పుడు పేటల పేర్లు. మాసబ్ ట్యాంకులో బస్సు దిగే హైదరాబాదీకి చెరువు కనిపించనట్టే, చాలాచోట్ల అక్కడా పేరు మిగిలింది, నీళ్లు పోయాయి. ఒకచోట మునిగి, ఒకచోట పూడి, గుర్రానికి నడుమ మిగిలింది రోడ్డు.

ఇంఫాల్ వీధుల్లో చెత్తకుప్పల దగ్గర గుర్రాలు ప్లాస్టిక్ సంచులతో సహా నములుతూ కనిపించడం అలా మొదలైంది. కడుపులో ప్లాస్టిక్ చుట్టుకుని కొన్ని, రాత్రిపూట వాహనాలు గుద్ది కొన్ని చచ్చిపోయాయి. పెంచేవాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఆ గుర్రం పాలివ్వదు, బరువు మోయదు, ఏడాదిలో కొన్ని పోటీలు తప్ప దానిమీద రాబడి లేదు. పాట్ ఉన్నంతకాలం దాన్ని పోషించడానికి ఖర్చు లేదు. ఇప్పుడు దాణా కొని పెట్టాలంటే సామాన్యుడి వల్ల ఎలా అవుతుంది? అయినా వదులుకోని కుటుంబాలు ఉన్నాయి. ఈ జాతి ఈ మాత్రమైనా నిలబడింది వాళ్ల మొండితనం వల్లే.

2016లో రాష్ట్ర ప్రభుత్వం మణిపురీ గుర్రం సంరక్షణకు ఒక విధానం ప్రకటించింది. 2023 జనవరిలో హైంగాంగ్ కొండ మీద, గుర్రమెక్కిన పోలో ఆటగాడి విగ్రహం వెలిసింది, ఎత్తు 120 అడుగుల పైనే. అదే ఏడాది మేలో లోయలోని మైతేయిలకూ కొండల్లోని కుకీలకూ మధ్య హింస రాజుకుంది. వేలమంది శిబిరాల పాలయ్యారు, కొండ అంచులు కాపలా గీతలయ్యాయి. మనుషులకే ఇల్లు లేని చోట గుర్రానికి మేత అడగడం చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. ఏడేళ్ల వినాశంలో కొండ దాటినవాళ్లు కూడా గుర్రాన్ని వదిలి వెళ్లలేదు.

విగ్రహం కంటే ముందు ఒక పాట్ కావాలి. నాలుగు పక్కలా హద్దురాళ్లు పాతి, ఇందులో ఇల్లు లేవదు, మట్టి పడదు అని రాసిచ్చిన గడ్డి నేల. గుర్రాల శాలలు ఎన్ని కట్టినా, చిత్తడి నేలలో మేసి గట్టిపడ్డ జాతిని గోడల మధ్య దాణాతో ఎన్ని తరాలు అదే జాతిగా నిలుపుతాం?

నవంబరులో సంగాయ్ పండుగకూ, జనవరిలో రాష్ట్ర ఆవిర్భావ దినానికీ మాపాల్ కాంగ్జెయ్‌బుంగ్ చుట్టూ మెట్లు నిండిపోతాయి. జనవరిలో ఆడపిల్లల జట్లూ దిగుతాయి. విదేశాల నుంచి వచ్చినవాళ్లు కూడా తమ గుర్రాలు తెచ్చుకోరు, ఈ పొట్టి గుర్రాలే ఎక్కి ఆడతారు. ఆట ముగిశాక యజమాని ముందుగా జీను విప్పుతాడు. తర్వాత కళ్ల చుట్టూ కట్టిన కుచ్చుల్ని ముడి ముడీ విప్పి, మడిచి సంచిలో పెట్టుకుంటాడు. చెమటతో తడిసిన మెడను అరచేత్తో రుద్ది, వీపు మీద చిన్నగా చరుస్తాడు. గుర్రం రెండుసార్లు తల విదిలించి, ఆటోల మధ్య నుంచి, ఒకప్పుడు పాట్ ఉన్న వైపు నడక మొదలుపెడుతుంది.